కింది వాటాలో పెద్దాయన

ఆ ఉదయం రిటైర్డు బస్సు డ్రైవరు పెట్టుకున్న పని ఒక్కటే. అరవై దాటినవాళ్లకు మాత్రమే అద్దెకిచ్చే అపార్టుమెంట్లలో కింది అంతస్తు వాటా ఒకటి ఖాళీ అయింది. పదింటికి వెళ్లి, సంతకం పెట్టి, భోజనాల వేళకు తిరిగి రావాలి. భార్య పోయాక ఇంట్లో పలకరించే మనిషి లేక ఆయన గోడ గడియారంతో మాట్లాడటం మొదలుపెట్టాడు. అక్కడైతే ఈడువాళ్లుంటారు. జబ్బుమనిషి అనుకుని ఇల్లివ్వరేమోనని ముందురోజే తలకు నల్లరంగు వేయించుకున్నాడు.

తోడుగా వచ్చిన బావమరిదికి యాభై నాలుగే గానీ తల ముగ్గుబుట్ట. పైగా పొద్దున్నే పన్ను పీకించుకున్నాడేమో, మత్తు దిగక మూతి ఒక పక్కకు జారి ఉంది.

ఆఫీసులో మేనేజరమ్మ బావమరిదికి కుర్చీ వేసి, డ్రైవరును నిలబెట్టింది.

"పెద్దాయనకి ఎప్పట్నించి ఇలా ఉంది?"

"పొద్దున్నించేనండి," అన్నాడు డ్రైవరు, పన్ను సంగతి అనుకుని.

ఆమె కంగారుగా నర్సును పిలిపించింది.

"నాహేం హాలేదు," అన్నాడు బావమరిది.

"మాట కూడా పడిపోయింది," అంటూ నర్సు అతన్ని చక్రాల కుర్చీలోకి మార్చి బీపీ చూసింది. ఈ హడావుడికి అది కాస్తా పెరిగి కూర్చుంది.

వరండాలో పేపరు చదువుకుంటున్నవాళ్లంతా చుట్టూ మూగారు. అందులో ఒక రిటైర్డు టీచరమ్మ డ్రైవరును ఎగాదిగా చూసింది.

"పక్షవాతం వచ్చిన రోజే తెచ్చి దింపేస్తావా నాయనా? ఆస్పత్రి అనేది ఒకటుందని గుర్తు రాలేదా?"

"దింపడమేంటండి, ఉండటానికొచ్చింది నేను."

"విన్నారా? తండ్రి పేరు చెప్పి ఇల్లు తీసుకుని తనుంటాడట."

మేనేజరమ్మ ఫారం మడిచేసింది. "ఇలాంటి కొడుకులకి మేం వాటా ఇవ్వమండి. దయచేసి వెళ్లండి."

ముప్పై ఏళ్లు బస్సు నడిపి నానా తిట్లూ తిన్న మనిషే గానీ, ఇలాంటి మాట ఎన్నడూ పడలేదు. వాదించే ఓపిక లేక గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. మేనేజరమ్మ పుట్టిన సంవత్సరం చదివింది, ఆయన తల చూసింది, మళ్లీ చదివింది. అరవై ఆరేళ్లు.

"మరి ఈయన?"

"మా బావమరిది. పన్ను పీకించుకున్నాడు."

బావమరిది నోరు తెరిచి దూది చూపించాడు. మేనేజరమ్మ ఫారం మడత విప్పి, అరచేత్తో సాపు చేసి ఆయన ముందుకు జరిపింది. టీచరమ్మ మాత్రం డ్రైవరు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది.

"ఏమీ అనుకోకండి. ఆ రంగు ఏ షాపులో దొరుకుతుందండి?"

ఆ వారమే ఆయన వాటాలో దిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఇప్పటికీ రోజూ "మీ నాన్నగారికి ఎలా ఉందండి?" అని అడుగుతాడు. మొదట్లో డ్రైవరు అంతా వివరంగా చెప్పేవాడు. ఇప్పుడు "కులాసా" అని లోపలికి వెళ్లిపోతున్నాడు.