తిరిగొచ్చిన గిన్నె

ఆ ఆదివారం అంతర్వేది వెళ్లి సముద్రంలో కాళ్లు తడుపుకోవాలని కుసుమ ఎన్నాళ్లనుంచో అనుకుంటోంది. జడ కూడా వేసుకుంది. సరిగ్గా అప్పుడే భర్త సూర్యారావుకు ఫోను చూస్తుండగా జ్ఞానోదయమైంది.

"ఇకనుంచి ప్రతి ఆదివారం ఇంటిల్లిపాదీ కలిసి ఎవరో ఒకరికి కృతజ్ఞత చెప్పాలి. మొదట పక్కింటి కుమారస్వామిగారికి. మొన్న మోటారు పాడైతే మనకి నీళ్లిచ్చేరు కదా!"

"చెప్పేసి రండి. బస్సు వెళ్లిపోద్ది."

"ఉత్తి చేతుల్తోనా?"

కుసుమ కొంగు దోపి పనసపొట్టు కూర వండింది. గిన్నె పక్కింటికి వెళ్లింది, బస్సు అంతర్వేదికి వెళ్లింది.

కోనసీమలో గిన్నె ఖాళీగా తిరిగి రాదు. సాయంత్రం అందులో బొబ్బట్లు వచ్చాయి. "ఎంత సంస్కారమండీ మీది!" అని కుమారస్వామి కళ్లొత్తుకున్నాడు. మరుసటి ఆదివారం సూర్యారావు అరిసెలకు అరటిగెల జోడించాడు. అటునుంచి బూరెలు, కావిడి నిండా కొబ్బరిబోండాలు వచ్చాయి. చివరికి గిన్నె ట్రాక్టరెక్కింది. చుట్టూ లడ్డూ బుట్టలు, ముందు సన్నాయి! పక్కనున్న అల్లవరం నుంచి కూడా జనం చూడవచ్చారు.

"రెండు కళ్లూ చాలట్లేదండీ, ఆయ్!" అన్నాడు గుంపులో ఒకాయన.

చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడి కుసుమ కూడా చూసింది. ఇదంతా తన రెండు చేతులే చేశాయా అని ఆశ్చర్యపోయింది.

పెరటి గోడమీంచి కుమారస్వామి భార్య అమ్మాజీ తొంగిచూసింది. మోచేతుల దాకా పిండి.

"వదినగారూ, మీరు సముద్రం చూసేరాండీ?"

"లేదండీ. మీరో?"

"ప్రతి ఆదివారం బయల్దేరదామనుకుంటానండీ. ఈలోగా మీ గిన్నె వచ్చేస్తదండీ."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కుసుమ గరిటె గోడమీద పెట్టేసింది.

తర్వాతి ఆదివారం సూర్యారావు తలుపు తీసేసరికి గుమ్మంలో గిన్నె. తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు! చిటికెడు పంచదారైనా లేదు. ఇంత అవమానమా అని అతను వంగి గిన్నె తడిమి చూశాడు. అంతలో కుమారస్వామి పరుగెత్తుకొచ్చాడు.

"మేం పెట్టలేదండీ బావగారూ! మా ఆవిడ కూడా కనపట్లేదండీ."

ఊరంతా గిన్నె చుట్టూ మూగింది. ఖాళీగా తిరిగొచ్చిన గిన్నెను ఎవరూ ఎరగరు. పెద్దవాళ్లు సైతం వంగి చూసి దణ్ణం పెట్టుకున్నారు.

"అమ్మా, అమ్మాజీ అత్తయ్యగారూ కలిసి అంతర్వేది బస్సెక్కేరు నాన్నగారూ," అంది కూతురు సత్యశ్రీ.

సూర్యారావు గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. "ఇన్నాళ్లూ వండినోళ్లకి మనం ఓ మాటైనా చెప్పేమాండీ?"

"లేదండీ," అన్నాడు కుమారస్వామి. ఇద్దరూ తలలు వంచుకుని వంటింట్లోకి నడిచారు.

చీకటి పడే వేళకు తడి చీర అంచులతో ఆడవాళ్లిద్దరూ బస్సు దిగారు. గుమ్మంలో గిన్నె నిండుగా ఉంది. కుసుమ కళ్లు చెమర్చాయి.

కూరలో ఉప్పు లేదు. సముద్రం చూసొచ్చినవాళ్లకు అదేం పెద్ద లోటనిపించలేదు.