కోర్టులో అనకూడని మాట

న్యాయస్థానమనగా సత్యదేవత కాపురముండు చోటు! అమెరికాలో, మిస్సోరి రాష్ట్రంలో, బెల్‌ఫోర్డ్ కౌంటీ కోర్టు గుమ్మం మీద ఇంచుమించు ఇదే అర్థం వచ్చేలా రాతిలో చెక్కించారు. లోపలికెళ్లిన ప్రతి సాక్షీ చెయ్యి పైకెత్తి, నిజమే చెప్తాననీ, మొత్తం చెప్తాననీ ప్రమాణం చేస్తాడు. కాకపోతే ఒక్క మాట మాత్రం అనకూడదు. హత్య అనొచ్చు, లంచం అనొచ్చు, జడ్జిగారు కునుకు తీస్తున్నారని గొంతు తగ్గించి అనొచ్చు. కారు గుద్దిన కేసులో 'ఇన్సూరెన్స్' అన్నారా, కొంప మునిగిందన్నమాటే! కట్టేది కంపెనీయేగా అని జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన పన్నెండుగురు ఊరివాళ్లు, ఎడాపెడా ఇప్పించేస్తారని భయం. అందుకని జ్యూరీని ఇంటికి పంపేసి కేసు మళ్లీ మొదట్నుంచి మొదలెడతారు. అదీ ఏ ఏడాదికో, ఏడాదిన్నరకో.

ఇన్సూరెన్స్ లేని కారు రోడ్డెక్కకూడదని ఆ మిస్సోరి రాష్ట్రంలోనే చట్టం ఉంది. అది వేరే సంగతి.

ఆ రోజు ప్రతివాది నెల్డా క్రచర్. అరవై ఎనిమిదేళ్లు, భర్త పోయాడు, ఒట్టి కంగారు మనిషి. ఆమె మీద కేసు వేసింది రోవీనా టటిల్. పక్కింటావిడే, ముప్ఫై ఏళ్ల నేస్తం. పొద్దున ఇద్దరూ ఒకే కారులో కోర్టుకొచ్చారు. నెల్డాయే నడిపింది, ఎందుకంటే రోవీనా మెడ తిరగదు.

ఆ మెడ అలా అవడానికి కారణం నెల్డాయే. నిరుడు ఒక ఆదివారం చర్చిలో విందు. ఇంటికో వంటకం పట్టుకెళ్లాలి. రోవీనా కారు ముందు, నెల్డా కారు వెనక. ఎర్రలైటు దగ్గర రోవీనా ఆగింది. సరిగ్గా అప్పుడే నెల్డా పక్క సీట్లో చిక్కుడుకాయల క్యాసరోల్ జారబోయింది. అయ్యో అని చెయ్యి చాచి పట్టుకుంది. క్యాసరోల్ దక్కింది, ముందు కారులో మెడ దక్కలేదు.

రోవీనా స్కూలు బస్సు నడిపేది. రైలు పట్టాల దగ్గర ఆగి అటూ ఇటూ చూడలేని మనిషికి పిల్లల్ని ఎవరు అప్పగిస్తారు? ఉద్యోగం ఊడింది. ఆపరేషన్ చేస్తే మెడ తిరుగుతుందన్నాడు డాక్టరు. నెల్డా ఇరవై రెండేళ్లుగా ఒక్క నెల తప్పకుండా ప్రీమియం కడుతున్న ఇన్సూరెన్స్ కంపెనీ, బంపరు ఫొటో చూసి "గోరంత సొట్టకి ఆపరేషనా?" అని నవ్వేసింది. పోనీ ఆ కంపెనీ మీద కేసు వేద్దామా అంటే, దాని పేరే ఎత్తకూడదాయె! నెల్డా మీదే వెయ్యాలిట.

"వెయ్యవే తల్లీ, నా మీదే వెయ్యి!" అంది నెల్డా. "నేను ఓడిపోతా, వాళ్లు కడతారు, నీ మెడ బాగుపడుతుంది."

"నీ మీద కేసేంటే! నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ వచ్చి నీ బస్సు నడుపుతారా ఏంటి?"

అలా ఓడిపోవాలన్న గట్టి పట్టుదలతో నెల్డా కోర్టుకెక్కింది. కంపెనీవారు ఆమె కోసం ప్రెస్టన్ హేల్ అనే ప్లీడరును పెట్టారు. విచారణకి ముందు కలిసినప్పుడు ఆయన ఆమె మెడలో ముత్యాలు చూసి గుండె పట్టుకున్నాడు.

"ముందవి తీసెయ్యండి మేడమ్! ఇంట్లో మోచేతి దగ్గర చిరిగిన స్వెట్టరేదైనా ఉందా?"

"నేను ఓడిపోతే బావుంటుందండీ," అంది నెల్డా.

"మీకు గెలవాలనుంది మేడమ్."

"లేదండీ."

"ఉంది," అని ఆయన ఆప్యాయంగా నచ్చజెప్పాడు. "ఇంకోటి, ఆవిడ మీ నేస్తమని ఎక్కడా అనకండి. కుమ్మక్కనుకుంటారు. ఆవిడ ప్లీడరు కూడా అదే అంటోంది."

ప్లీడర్లిద్దరూ ఒప్పుకున్నది ఆ కేసు మొత్తంలో ఈ ఒక్కదానికే!

నెల్డా చిరుగు స్వెట్టరుతో సాక్షి కుర్చీలో కూర్చుని ప్రమాణం చేసింది. రోవీనా తరఫు ప్లీడరు లేచింది.

"తప్పు మీదేనా?"

"నాదే! పూర్తిగా నాదే!" అని నెల్డా ఉత్సాహంగా అరిచింది. "ఆవిడ పాపం కదలకుండా ఆగుంది. నేనే గుద్దాను, గట్టిగా గుద్దాను!"

జ్యూరీలో పన్నెండు మొహాలూ కరిగిపోయాయి. ఆహా, ఎంత నిజాయితీ! ఈ కాలంలో ఇలాంటి మనిషా! చివర కూర్చున్నావిడ రుమాలు తీసింది. నెల్డాకి ఒళ్లు మండిపోయింది. ఎంత ఓడిపోదామన్నా ఓడనివ్వరేం వీళ్లు?

"అసలు డబ్బు సంగతి చెప్తానుండండి, నాకు ఇన్..."

"అభ్యంతరం!" హేల్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

మళ్లీ ఏడాదిన్నర! రోవీనా వైపు చూసి నెల్డా నోరు మూసుకుంది.

"నాకు ఇంకేం తెలీదండీ," అంది నీరసంగా.

సాయంత్రం హేల్‌గారు జ్యూరీ ముందు నిలబడి, ఈ వితంతువును చూడండన్నాడు, ఈ స్వెట్టరును చూడండన్నాడు, సొట్ట ఫొటోను గాల్లో ఊపాడు. డబ్బెవరు కడతారన్నది మీరు ఆలోచించరాదని జడ్జిగారు ఆజ్ఞాపించారు. జ్యూరీ లోపలికెళ్లి, పిజ్జా తెప్పించుకుని తిని, నలభై నిమిషాల్లో తిరిగొచ్చింది.

రోవీనాకి ఇవ్వవలసింది సున్నా!

"గెలిచాం మేడమ్!" అని హేల్ భుజం తట్టాడు. నెల్డా బావురుమంది. ఆనందబాష్పాలనుకుని జ్యూరీ కూడా కళ్లు తుడుచుకుంది.

కార్లు ఆపుకునే చోట జ్యూరీ పెద్ద ఓరిన్ గ్లాస్‌కాక్ నెల్డా వెనకే పరిగెత్తుకొచ్చాడు. మేకులూ సుత్తులూ అమ్ముకునే పెద్దమనిషి. ఆమె చేతిలో ఒక కవరు పెట్టాడు.

"తలా కాస్తా వేసుకున్నామండీ. నూట నలభై మూడు డాలర్లు. ప్లీడరు ఫీజుకి బోలెడయ్యుంటుంది మీకు."

"నేను పైసా ఇవ్వలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు పెట్టారు ఆయన్ని."

గ్లాస్‌కాక్ నోరు తెరిచాడు. "మీకు ఇన్సూరెన్స్ ఉందా?"

"మీకు లేదా?"

"ఎందుకు లేదు? నా మూడు బళ్లకీ ఉంది!"

"మరి నాకుండదని ఎలా అనుకున్నారండీ?"

"అసలు అనుకోలేదండీ. ఆలోచించొద్దని జడ్జిగారన్నారుగా." ఆయన టోపీ తీసి నలిపాడు. "ఆవిడ మెడ నిజంగానే పోయిందని మా పన్నెండుగురికీ తెలుసు. కానీ మీ ఇల్లెలా అమ్మిస్తామండీ? ఆ మాట ముందే చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే మళ్లీ ఏడాదిన్నర ఆగాలిట."

"పోనీ, ఇప్పుడు తీర్పు మార్చమని అడిగితే?"

"ఎందుకు మార్చారంటే ఏం చెప్తారు?"

గ్లాస్‌కాక్ అనకూడని మాట అనబోయి, కోర్టు గుమ్మం వైపు చూసి, మింగేశాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

కారులో ముందు సీట్లో రోవీనా ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చుంది. మరో వైపు చూడలేదు కదా. నెల్డా ఎక్కి కవరు ఆమె ఒళ్లో పడేసింది.

"ఏంటే ఇది?"

"జ్యూరీ వాళ్ల చందా. నీ ఆపరేషన్‌కి."

"అబద్ధం! ఆయన మాటలు వినబడ్డాయి. నీ కష్టం చూసి ఇచ్చారు."

"నా కష్టమంటే నీ మెడేగా," అని నెల్డా ముక్కు చీదుకుని కారు తీసింది.