కారు వెనక పాప

పరీక్ష పదకొండింటికి. ఎనిమిదింటికి కారు గేటు దాటాలి. సందు చివరిదాకా రెండుసార్లు వెనక్కి నడిపి చూడాలి. తొమ్మిదిన్నరకి టిఫిను, పదింటికి బయల్దేరడం. మెకానిక్ వేసిన ఈ పథకంలో వెతికినా లోపం లేదు. టీవీలు, రేడియోలు బాగుచేసే మనిషి వేసే పథకాల్లో లోపం కాగితం మీద ఎప్పుడూ కనబడదు. స్విచ్చి వేశాకే పొగ వస్తుంది.

పరీక్ష అతనిది కాదు, భార్యది. ఆమె ఆసుపత్రిలో నర్సు. పన్నెండేళ్ళు రాత్రి డ్యూటీలు చేశాక, ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసొచ్చే పగటి ఉద్యోగం ఇప్పటికి ఆమె దాకా వచ్చింది. ఒక్కటే మెలిక. కారు నడపడం రావాలి. ఈరోజు సాయంత్రం ఐదింటిలోగా లైసెన్సు కాగితం ఆఫీసులో చూపించకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకి వెళ్ళిపోతుంది.

చీకట్లో కూడా నరం వెతికి పట్టుకునే ఆమె చెయ్యి, రివర్సు గేరు వేసేసరికి వణికేది. రెండుసార్లు పరీక్ష తప్పింది. మొదటిసారి వెనక్కి నడుపుతూ పదకొండు చోట్ల ఆగింది. రెండోసారి పద్నాలుగు చోట్ల. పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరు "ఎందుకాగావమ్మా?" అని అడిగిన ప్రతిసారీ, జవాబు చెప్పడానికి ఇంకోసారి ఆగేది.

"వెనక ఏముందో కనబడకపోతే నా కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుందండీ. నేనేం చెయ్యను?" అందొకరోజు వడ్డిస్తూ.

మెకానిక్‌కి ఆ ఒక్క మాట చాలు. నాలుగు ఆదివారాలు ఇంట్లో మనిషి కనిపించలేదు, కారు కింద నుంచి రెండు కాళ్ళు మాత్రం కనిపించాయి. ముందు వైపుకి, ఎవరో పారేసిన కాలింగ్ బెల్లులోంచి పీకిన కెమెరా. రెండు పక్కలకీ, పగిలిన ఫోన్లలోంచి తీసినవి. వెనక వైపుకి మాత్రం అసలైన రత్నం దొరికింది. పైవాటాలో ఉండే అమ్మాయి తన పసిపాపని కనిపెట్టి ఉండటానికి కొనుక్కున్న కెమెరా, దాని చిన్న తెర. అవి పాడైతే, "మీరే ఉంచుకోండి బాబాయ్, అలాంటిదే కొత్తది కొనేశాం" అని ఇచ్చేసింది. దానికి తీగ అక్కర్లేదు, బొమ్మ గాల్లోనే వస్తుంది. మెకానిక్ ఆ తెరకి కోత కోసి, కుట్లు వేసి, స్టీరింగు పక్కన కూర్చోబెట్టాడు. మామూలుగా నాలుగు గళ్ళలో నాలుగు వైపులూ కనిపిస్తాయి. రివర్సు గేరు పడగానే వెనక వైపు బొమ్మ తెర నిండా వస్తుంది. నాలుగు ఆదివారాలూ దివ్యంగా పనిచేసింది. ఆ నాలుగు ఆదివారాలూ పైవాటా అమ్మాయి పాపతో సహా పుట్టింట్లో ఉందనీ, నిన్న సాయంత్రమే తిరిగొచ్చిందనీ అతను లెక్కలోకి తీసుకోలేదు.

ఎనిమిదింటికి, భార్య తల దువ్వుకుంటుండగా, ఆఖరుసారి చూసుకుందామని మెకానిక్ కారెక్కాడు. స్టార్ట్ చేశాడు. రివర్సు గేరు వేశాడు.

తెర నిండా ఒక పసిపాప. వెల్లకిలా పడుకుని, కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని, అతని వంకే చూస్తోంది.

బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. దిగి వెనక్కి పరిగెత్తాడు. ఎవరూ లేరు. మళ్ళీ ఎక్కి చూశాడు. పాప బోర్లా తిరిగింది. పాకడం మొదలుపెట్టింది. నేరుగా చక్రం వైపుకే!

"కారు వెనకాల పాపుంది! పాపుంది!" అని అరుస్తూ దూకి, తల కారు కిందకి దూర్చేశాడు.

పక్కింటి గోడ అవతల రిటైరైన పోస్టుమాస్టారు మొక్కలకి నీళ్ళు పెడుతున్నారు. ఆయనకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి పోవడానికి సిద్ధంగా ఉంది. మనిషికి మాత్రం లోకసేవ అంటే ప్రాణం. ఆ కుడి చెవిలో పడిన మాట "పాముంది."

"ఎంతుందయ్యా?" అన్నారు, ట్యూబు కింద పడేసి.

"చిన్నదే మాస్టారూ! ఎనిమిది నెలలుంటుంది!" కారు కింద నుంచి మెకానిక్ గొంతు.

"నెలలు కూడా చెప్పేస్తున్నావే! ఏం చేస్తోంది?"

"పాకుతోంది! ఇటే పాకుతోంది!"

"పాకక నడుస్తుందా! నోరు తెరిచిందా?"

"నోట్లో కాలి వేలుంది!"

పోస్టుమాస్టారు కుర్చీ మీదకెక్కారు. "ఎవరి కాలయ్యా?"

ఆ సమయానికి డాబా మీద ఇంకో కేక. పైవాటా అమ్మాయి బట్టలు ఆరేస్తూ, పక్కన పెట్టుకున్న తన కొత్త తెర వంక చూసింది. పాప ఉండాల్సిన చోట గేటు, రోడ్డు, ఒక చెత్తడబ్బా కనిపించాయి. రెండు కెమెరాలూ ఒకే కంపెనీవి, ఒకే మోడలువి. ఎవరి తెర ఎవరి కెమెరాని పట్టుకుంటుందో వాటి ఇష్టమని ఆ అమ్మాయికేం తెలుసు?

"అయ్యో, పాప లేదు! పాప లేదు!" అని పిట్టగోడ మీంచి అరిచింది.

"లేదంటావేంటమ్మా! ఈయన కళ్ళారా చూశాడు, ఉంది!" అని కుర్చీ మీంచి పోస్టుమాస్టారు గదమాయించారు.

అమ్మాయి ఒక్క ఉరుకులో గదిలోకి వెళ్ళి చూసింది. పాప భద్రంగా ఉంది. ఊపిరి పీల్చుకుని కిటికీలోంచి చెప్పింది. "ఉంది, ఉంది తాతగారూ! మంచం మీదే ఉంది!"

"అప్పుడే మంచం ఎక్కేసిందా!" అని పోస్టుమాస్టారు గుండె పట్టుకున్నారు. అమ్మాయి ఆ సంగతి వినకుండానే తలుపేసుకుని, గోలకి బెదిరిన పాపని జోకొట్టడంలో పడిపోయింది. పోస్టుమాస్టారు జేబులోంచి ఫోను తీశారు.

పాములు పట్టేవాడు పావుగంటలో మోటారుసైకిలు మీద వచ్చాడు. చేతిలో కొక్కెం కర్ర, భుజాన గోనెసంచి. సంచి మీద ఎర్ర రంగుతో పెద్దపెద్ద అక్షరాల్లో "పాము ఉంది, ముట్టుకోవద్దు" అని రాసుంది. అప్పటికే గేటు ముందు సందు సగం పోగైంది.

"రెండు! ఒకటి కారులో, ఒకటి పైవాటా మంచం మీద. కారుది కాలు పట్టుకుంది" అని పోస్టుమాస్టారు నివేదిక ఇచ్చారు.

కాలు అన్న మాట వినబడగానే నర్సు మందుల సంచితో సహా మెట్లు దిగింది. వచ్చీ రాగానే మొగుడి ప్యాంటు రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా లాగి చూసింది.

"ఎక్కడ కరిచింది? మాట్లాడండి! తల తిరుగుతోందా?"

"తిరుగుతోందే. కానీ కరిచిందేంటి? ఏది కరిచింది?"

"పామండీ!"

"పాము కూడా ఉందా!" అని మెకానిక్ ఎగిరి గంతేసి ఆమె వెనక్కి చేరాడు. పాప కనిపించకపోవడానికి కారణం పామేనేమోనన్న ఆలోచన రాగానే ఆమె మందుల సంచిని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

పాములవాడు అందర్నీ వెనక్కి నెట్టి, సంచి వెనక సీటు మీద పడేసి, సీట్ల కింద చెయ్యి పెట్టాడు. నల్లగా, నున్నగా, పొడుగ్గా ఏదో తగిలింది. "దొరికింది!" అని ఒక్క గుంజు గుంజాడు. వచ్చింది, వచ్చింది, వస్తూనే ఉంది. జనం కేకలు పెడుతూ గోడలెక్కారు. మూరలకి మూరలు బయటికొచ్చాక దాని చివర కాలింగ్ బెల్లు కెమెరా టంగుమని నేల మీద పడింది. నాలుగు ఆదివారాల వైరింగు మెకానిక్ కాళ్ళ దగ్గర చుట్ట చుట్టుకుని ఉంది. తెర మీది వాల్యూము బొత్తం కూడా ఆ ఊపులో ఊడి ఎటో ఎగిరిపోయింది.

"ఇది కరిచే రకం కాదు" అన్నాడు పాములవాడు, తీగని తిప్పి చూసి.

మెకానిక్ ఏడవబోయి ఆగాడు. ఒక్క కెమెరాకీ కరెంటు లేదు. కానీ బ్యాటరీ మీద నడిచే తెరలో పాప ఇంకా ఉంది. కళ్ళు మూసుకుని నిద్రపోతోంది. పక్క నుంచి గాజుల చెయ్యి ఒకటి జోకొడుతోంది. మెకానిక్ ఆ గాజుల వంక చూశాడు. తలెత్తి పైవాటా కిటికీ వంక చూశాడు. అతని మొహంలో లైటు వెలిగింది.

"మాస్టారూ, నేనన్నది పాప. పా... ప!"

"అదేగా నేనూ అన్నది. పా... ము!" అన్నారు పోస్టుమాస్టారు.

ఆ మహానుభావుడికీ, పెట్రోలు దండగైన పాములవాడికీ వాదన మొదలైంది. ఊడిన తీగలతో మెకానిక్ గంటన్నరకి పైగా కుస్తీ పట్టినా ఒక్క కెమెరా కూడా వెలగలేదు. గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

"ఇంక వద్దులెండి. కెమెరాలుంటేనే వచ్చేది, అవి పోయాక ఇప్పుడేం వస్తుంది" అని నర్సు మెట్ల మీద కూలబడింది.

మెకానిక్ పక్కన కూర్చున్నాడు. చేతులకి మసి, నుదుటి మీద బొప్పి. "రోగులు నీకోసం ఎదురుచూస్తుంటారే. ముందు గేటు దాటించు. తర్వాత సంగతి తర్వాత."

"మీ బొప్పికి మందు రాయాలి."

"దారిలో రాద్దువుగాని. లే నర్సమ్మా, లే."

ఆమె లేచింది. స్టీరింగు ముందు కూర్చుని రివర్సు వేసింది. తెర నిండా నిద్రపోతున్న పాప. కాలు అలవాటుగా బ్రేకు వైపు వెళ్ళబోయి ఆగింది. పిల్లల వార్డులో, నిద్రపోతున్న పసిబిడ్డల మధ్య నుంచి చక్రాల బల్ల తోసుకెళ్ళే మనిషి ఆమె. అక్కడ టక్కున ఆగితే సీసాలు గలగలమంటాయి, వార్డు మొత్తం లేస్తుంది. ఆగకూడదు, తగలకూడదు, మెల్లగా పోతూ ఉండాలి. "వెనకాల పాపుంది... మెల్లగా... పాపుంది" అని గొణుక్కుంటూ ఆమె అద్దాల్లో చూసుకుంటూ, గోడలెక్కిన జనం మధ్య నుంచి, మోటారుసైకిలు పక్క నుంచి, సందు చివరిదాకా ఒక్కచోట కూడా ఆగకుండా వెళ్ళిపోయింది. పక్క సీట్లో మెకానిక్ తెరిచిన నోరు రోడ్డెక్కేదాకా మూయలేదు.

మలుపు తిరగ్గానే పైవాటా కెమెరా అందక తెర మీద బొమ్మ పోయింది. తెర "బుస్‌స్‌స్" అనడం మొదలుపెట్టింది. కాసేపు ఆగి మళ్ళీ "బుస్‌స్‌స్". వాల్యూము తగ్గిద్దామంటే బొత్తం లేదు.

పరీక్ష మైదానం దగ్గర ఇన్‌స్పెక్టరు ఇద్దర్నీ చూసి నిట్టూర్చాడు. "మళ్ళీ మీరేనా అమ్మా? ఆ తెర ఏంటి? పరీక్షలో ఇలాంటివి కుదరవు. నేను ఫారం తెచ్చేలోగా తీసేయండి."

మెకానిక్ తెర పీకాడు. బుసలు కొడుతున్న దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూస్తే, వెనక సీటు మీద ఏదో గోనెసంచి కనిపించింది. గబగబా అందులో కూరి, మూతి ముడేసి, సీటుకి ఆనించి నిలబెట్టాడు. కారు దిగి కంచె అవతల నిలబడ్డాడు.

మొదటి సగం బాగానే సాగింది. రివర్సు మొదలైంది. ఇన్‌స్పెక్టరు అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి చూశాడు. ఆ తర్వాత జరిగింది మెకానిక్‌కి అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టరు రెండు కాళ్ళూ సీటు మీద పెట్టుకుని, ఫారం గుండెకి హత్తుకుని, బొమ్మలా కూర్చుండిపోయాడు. ఒక్క ప్రశ్న లేదు. కారు మాత్రం తెల్లగీతల మధ్య నుంచి, కొలత పెట్టి గీసినట్టు, ఆగకుండా వెనక్కి వెళ్ళింది. మలుపు తిరిగింది. డబ్బా ఆకారంలో గీసిన గడిలోకి దూరి నిలబడింది.

నిలబడిన మరుక్షణం ఇన్‌స్పెక్టరు బయట ఉన్నాడు. పది అడుగుల దూరంలో నిలబడి, ఫారం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసి, చెయ్యి బారుగా చాపి ఆమెకి అందించాడు. ఆమె కాగితం రెండు చేతుల్తో పట్టుకుని చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుంటూ మెకానిక్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏం గుండెండీ మీ ఆవిడది! నేను సంచి మీద రాత చదివాను, బుస కూడా విన్నాను. దూకేద్దామంటే ఎక్కడన్నా ఆగితే కదా! వెనకాల పాముందని ఆవిడకి తెలుసు. పైగా 'మెల్లగా... పాముంది' అని నాకు చెబుతూనే ఉన్నారు. అయినా చెయ్యి వణకలేదు, ఒక్కచోట ఆగలేదు. ఇలాంటివాళ్ళకి కాకపోతే లైసెన్సు ఎవరికిస్తామండీ?"

"సార్, అది పా..." అని మెకానిక్ నోరు తెరిచాడు. అవతల భార్య కాగితం మూడోసారి చదువుకుంటూ, తనలో తను నవ్వుకుంటోంది. అతను నోరు మూసుకున్నాడు.

లోపం ఎక్కడుందో తెలిసి కూడా బాగుచేయకుండా వదిలేయడం అతని వృత్తిలో అదే మొదటిసారి.