ముప్పై రోజుల్లో అడగడం

ఆ ఆదివారం పొద్దున బొమ్మసంద్ర మీద ఆకాశం మబ్బు పట్టి, కురవమని పైనుంచి ఎవరైనా చెబుతారేమోనని చూస్తున్నట్టు నిలబడి ఉంది. దాని కిందే, ఫ్యాక్టరీల వెనకున్న మా కాలనీలో, షామియానా వేయించి భుజంగరావుగారు ఒక చారిత్రక ప్రకటన చేశారు. ఆయన మా వార్డు పార్టీ అధ్యక్షులు. ఆయన మాట్లాడితే మైకు కూడా కాస్త ముందుకు వంగుతుంది.

“మన కాలనీకి పనులెందుకు కావడం లేదు? ఆఫీసర్లు చెడ్డవాళ్ళా? కానే కాదు. మనకి అడగడం రాదు. తెలుగులో అడిగినా కన్నడలో అడిగినా ఆఫీసరు కూర్చునే వింటాడు. ఇంగ్లీషులో అడిగితే లేచి నిలబడతాడు. అందుకే ఈరోజు నుంచి ‘ప్రతి నోటికీ ఇంగ్లీషు’ పథకం. ముప్పై రోజులు. టోటల్లీ ఫ్రీ.”

వేదిక వెనక శుద్ధ తాగునీటి కేంద్రం ఉంది. అంటే ఒక చిన్న గది, దానికి ఇనుప షట్టరు, బయటి గోడకు స్టీలు కొళాయి, కొళాయి పైన దండం పెడుతున్న భుజంగరావుగారి బొమ్మ. కట్టి మూడు నెలలైంది. ఇంకా తెరవలేదు. దానికి కాపలా నేను. పేరు సుంకన్న. మడకశిర వైపు పల్లెబడిలో ఏడో తరగతి దాకా చదివాను. నేను కుర్చీ వేసుకున్నప్పటి నుంచి ఒక్క దొంగ కూడా ఆ షట్టరు జోలికి రాలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ప్రకటన అయ్యాక పాపక్క లేచింది. నీళ్ళ కేంద్రం ఎదురుగా రేకుల షెడ్డులో ఫ్యాక్టరీ వాళ్ళకు మెస్సు నడుపుతుంది. మా బోరు నీళ్ళు ఉప్పన. సంగటి ఉప్పన, చారు ఉప్పన. అందుకని రోజూ మెయిన్ రోడ్డు దాకా తోపుడుబండి తోసుకుపోయి ఎనిమిది క్యాన్లు తెచ్చుకుంటుంది. ఆమె మోకాళ్ళు ఈ పనికి ఒప్పుకోవడం మానేసి చాలా రోజులైంది. క్యాన్లు ఆలస్యమైన రోజు తినేవాళ్ళు వేరే హోటలు చూసుకుంటున్నారు. అప్పటికే సగం మంది అటు పోయారు.

“అప్పా, ఇంగ్లీషు నిదానంగా నేర్చుకుంటాం. ఈ నీళ్ళ మిషను ఎప్పుడు తెరుస్తారు?”

“అదే మన ఫస్ట్ లెసన్ అక్కా,” అన్నారు భుజంగరావుగారు.

చప్పట్లు మోగాయి. పాపక్క ముందు ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు మడిచి కూర్చుంది.

పాఠం చెప్పడానికి అర్పిత అనే అమ్మాయి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, సాయంత్రాలు సమాజ సేవ. నా కుర్చీ పక్కనే బోర్డు పెట్టి ‘ఐ వాంట్ వాటర్’ అని రాసింది. ముందు వరుసలో కూర్చున్న భుజంగరావుగారు తల అడ్డంగా ఊపారు.

“మరీ మొరటుగా ఉంది మేడమ్. నాకు నీళ్ళు కావాలి అంటే ఎలా? ఎవరు తేవాలి? మధ్యలో ఒక మనిషి ఉండాలి.”

అర్పిత చెరిపి ‘ఐ వాంట్ యూ టు గివ్ వాటర్’ అని రాసింది. “నువ్వు నీళ్ళివ్వాలని నా కోరిక అని అర్థం సార్.”

“ఇది పద్ధతిగా ఉంది. ఇంకొక మనిషి పడతాడా?”

“పడతాడు సార్. ఐ వాంట్ యూ టు టెల్ హిమ్ టు గివ్ వాటర్. నువ్వు అతనికి చెప్పాలి, అతను ఇవ్వాలి.”

“ఇంకొకడు?”

“ఎంతమందైనా పడతారు సార్. కాకపోతే నీళ్ళు లేటవుతాయి.”

చివరి మాట ఆయనకు వినబడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. “పద్దెనిమిదేళ్ళ నా ప్రజాజీవితాన్ని ఒక్క లైన్లో రాసేశారు మేడమ్. ఇందులో మొదటివాడు ఏమీ చెయ్యక్కర్లేదు, చూశారా?”

అప్పటి నుంచి అదే సిలబస్. వారం తిరక్కముందే కాలనీలో మార్పు కనబడింది. మా పక్కింటి నాగలక్ష్మి కొత్తిమీర తెమ్మని మొగుణ్ణి ఇంగ్లీషులో కోరింది. అతను తమ్ముణ్ణి కోరాడు. తమ్ముడు తల్లిని కోరాడు. ఆ ముసలామెకు ఇంగ్లీషు రాదు. అందుకని లేచి వెళ్ళి తెచ్చింది. మర్నాడే ఆమెను కూడా క్లాసులో చేర్చారు.

ముప్పయ్యో రోజు నలభై మందిమి ఆటోల్లో ఇంజనీరు ఆఫీసుకు పోయాం. ఇంజనీరు వెంకటగిరియప్పగారు సౌమ్యులు. ఆయన బల్ల మీద ఏ కాగితమూ నలిగి ఉండదు. దారి పొడుగునా పెదవులు కదుపుతూ వచ్చిన పాపక్క ముందుకెళ్ళి, ఊపిరి పీల్చుకుని, ఒక్క తప్పు లేకుండా అనేసింది.

“సార్, వి వాంట్ యూ టు ఓపెన్ ది వాటర్ మిషన్.”

ఇంజనీరుగారు లేచి నిలబడ్డారు. నలభై మందిమి కళ్ళారా చూశాం. అది ఆయన ఊటకు, అంటే భోజనానికి పోయే వేళ అని ప్యూను అన్నాడు గాని, లేచిన మాట మాత్రం నిజం.

“ఐ విల్ ఆస్క్ దెమ్ టు టెల్ యూ,” అన్నారాయన, టిఫిన్ బాక్సు అందుకుంటూ.

అందరికీ అర్థమైంది. ఒక అధికారి జవాబు మా కాలనీకి మాట మాటా అర్థం కావడం అదే మొదటిసారి. వరండాలో చప్పట్లు కొట్టి, ఫొటో దిగి వచ్చేశాం.

తిరుగు ఆటోలో పాపక్క అడిగింది. “సుంకన్నా, వాళ్ళను అడిగి మనకు చెప్పిస్తాడంట కదా. ఆ వాళ్ళు ఎవురప్పా?”

“అది సిలబస్‌లో లేదక్కా,” అన్నాను.

ఆ తర్వాతి బుధవారం మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. సర్టిఫికెట్లు ఆయన చేతుల మీదుగానే. పనిలో పనిగా నీళ్ళ మిషను బటన్ కూడా ఆయనే నొక్కుతారు. అతిథులకు ఊట పాపక్క మెస్సులో.

ఆ రోజు పాపక్క తోపుడుబండి తియ్యలేదు. ఇంట్లో మిగిలిన ఒక్క క్యానుతో సంగటి కెలికి, అనపగింజల పులుసు కాచింది. తాగే నీళ్ళకు మిషను ఉండనే ఉంది. నాలుగు బిందెలు చింతపండుతో తోమి కొళాయి కింద వరసగా పెట్టింది. వెనకెవరూ లేకపోయినా, అది క్యూలో మొదటి స్థానం.

మంత్రిగారు నలభై సర్టిఫికెట్లూ చిరునవ్వు చెదరకుండా పంచారు. చివర పాపక్క వంతు. కాగితం అందుకుని ఆమె కదల్లేదు.

“సార్, ఐ వాంట్ యూ టు ఓపెన్ ది వాటర్.”

మంత్రిగారు మురిసిపోయారు. పీఏ వైపు తిరిగి, తెరవమని చెప్పమన్నారు. పీఏ ఆ మాట భుజంగరావుగారికి చెప్పాడు. భుజంగరావుగారు ఇంజనీరుగారికి చెప్పారు. అందరూ రెండు గజాల లోపలే నిలబడి ఉన్నారు. అయినా ఎవరి వంతు వాళ్ళకు మర్యాదగా అందింది. ఇంజనీరుగారు అటూ ఇటూ చూసి, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోమని తిరిగి భుజంగరావుగారికే చెప్పారు. ఆయన కాసేపు ఆలోచించి నా వైపు చూశారు.

“సుంకన్నా, ఐ వాంట్ యూ టు ఓపెన్.”

నేను చొక్కా పైకెత్తి మొలతాడుకు కట్టిన తాళంచెవి విప్పాను.

“ఇన్నాళ్ళూ నీ మొలతాడుకే ఉండాదా?” అంది పాపక్క.

“ఉండాదక్కా. చెప్పేదాకా తియ్యొద్దన్నారు.”

“ఒక మాట చెప్పలేదేమప్పా?”

“నన్నెవురూ అడగలేదక్కా.”

పాఠకులకైనా ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. మీరూ అడగలేదు.

షట్టరు సులువుగా పైకి లేచింది. లోపల నున్నటి గచ్చు, సున్నం వేసిన నాలుగు గోడలు. కొళాయి గొట్టం గోడలోంచి రెండు వేళ్ళంత లోపలికి వచ్చి ఆగిపోయింది. దాని నోట్లో గుడ్డ కుక్కి ఉంది. మూలన గోడకు ఆనించిన నల్లరాతి ఫలకం. దాని మీద మంత్రిగారి పేరు, భుజంగరావుగారి పేరు. తేదీ చోటు ఖాళీ. మరేమీ లేదు. నేను కాపలా ఉన్న నాలుగు నెలల్లో ఆ గదిలోంచి ఒక్క వస్తువు కూడా పోలేదని గర్వంగా చెప్పగలను.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి లోపలికి నడిచారు. నాలుగు గోడలూ చూశారు.

“వెంటిలేషన్ బాగుంది,” అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఖాళీ గదిలో పడి రెట్టింపై బయటికొచ్చాయి. మంత్రిగారికి ఇంకో కార్యక్రమం ఉండటంతో కార్లు వెళ్ళిపోయాయి. కొళాయి కింద నాలుగు బిందెలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

భుజంగరావుగారు, ఇంజనీరుగారు, అర్పిత, నేను మెస్సు బల్ల చుట్టూ కూర్చున్నాం. పాపక్క మా ముందు పళ్ళేలు పెట్టింది. ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్క స్టీలు గ్లాసు పెట్టింది. సంగటి ముద్దలు వేసి, గుంట చేసి పులుసు పోసింది. తను కూడా ఒక పళ్ళెం పెట్టుకుని మా ఎదురుగా కూర్చుంది. సంగటి పొగలు కక్కుతోంది. పులుసు బాగా కారం.

రెండో ముద్దకే ఇంజనీరుగారికి పొలమారింది. ఆయన ఖాళీ గ్లాసు చూసి భుజంగరావుగారి వైపు చూశారు. భుజంగరావుగారు అర్పిత వైపు చూశారు. అర్పిత నా వైపు చూసింది. నేను నా పళ్ళెం చూసుకున్నాను.

పాపక్క తింటూనే ఉంది. మేమూ తిన్నాం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.