పన్నుకు బదులు నది

ఆ ఉదయం ఇల్లాలి ఆలోచన చిన్నదే. భర్త వేసిన నది బొమ్మను పొద్దున్నే పళ్ళ డాక్టరుకు అప్పగించాలి, బదులుగా తన దవడ పన్ను పీకించుకోవాలి. బేరం అదే. కొత్తరకం చిత్రాలు పెట్టే పెద్ద హాళ్ళవాళ్ళు "ఇంకా నదులూ కొండలేనా?" అని మొహం మీదే తలుపేశారు గానీ, డాక్టరు మాత్రం ప్రశాంతంగా పారే నదే కావాలన్నాడు. వచ్చినవాళ్ళకు భయం తగ్గాలట.

రాత్రంతా ఒక చేత్తో బుగ్గ పట్టుకుని, భుజాన పిల్లదాన్నేసుకుని తిరిగిన ఆమె, రంగు త్వరగా ఆరుతుందని బొమ్మను ఫ్యాను కింద నేలమీద పరిచింది. పాకే పిల్ల ఊరుకుంటుందా? ఆకాశం మీద అరచెయ్యి పడింది.

"ఏం కాదులేవే, మబ్బు చేసేస్తా," అన్నాడాయన.

మబ్బు బాగానే కుదిరింది. అక్కడితో చెయ్యి ఆగితేనా! "పైన మబ్బుంటే కింద నీళ్ళలో నీడ పడొద్దూ?" అని నదిని నల్లబరిచాడు.

"ఇంక పదండి, పన్ను సలిపేస్తోంది!"

"నీళ్ళు ఇంత నల్లగా ఉంటే ఏ పడవవాడైనా బయల్దేరతాడటే?" పడవను చెరిపేశాడు. ఆ చోటు బోసిపోయిందని అలలు లేపాడు. గాలి లేకుండా అలలెలా లేస్తాయి? గట్టు మీది చెట్లన్నీ ఒక పక్కకు ఒరిగిపోయాయి.

"మీకు దణ్ణం పెడతా, ఆ సూర్యుణ్ణైనా ఉంచండి! ప్రశాంతంగా లేకపోతే ఆ డాక్టరు నా పన్ను ముట్టుకోడు."

"ఈ గాలివానలో సూర్యుడేమిటే, నలుగురూ నవ్విపోతారు!"

మధ్యాహ్నానికి బొమ్మలో తుఫాను, ఆమె బుగ్గలో అంతకు మించినది. చంకలో పిల్లతో, చెరో అంచూ పట్టుకుని మోసుకెళ్ళారు.

డాక్టరు వరండాలోకి వచ్చి చూసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను నది అడిగాను కదండీ!"

"నదేనండి. కాస్త వాతావరణం మారింది."

వద్దు, తీసుకుపోండని డాక్టరు నోరు తెరవబోతున్నాడు. ఇంతలో, పొద్దుట్నుంచీ అక్కడే బెంచీకి అతుక్కుపోయి, ఎవరు పిలిచినా లోపలికి రానని మొండికేసిన పెద్దాయన బొమ్మకేసి చూశాడు. ఒళ్ళు జలదరించింది. "దీనికి ఎదురుగా కూర్చునేకన్నా ఆ కుర్చీయే నయం నాయనా," అంటూ తనంతట తానే లేచి లోపలికి నడిచాడు. ఆయన వెనకే మరో ఇద్దరు లేచారు.

వరండా గోడకు మేకు డాక్టరే స్వయంగా కొట్టాడు. ఆమె వంతు రాగానే పన్ను పీకి, నోట్లో దూది కుక్కి, ఆమె భర్తతో అన్నాడు: "లోపల వంతు కోసం కూర్చునే గదికి కూడా ఒకటి వెయ్యండి. ఈసారి కాస్త వరద కూడా రానివ్వండి."

"దానికేం భాగ్యమండీ! ఏమంటావే?" అని ఆయన భార్యవైపు తిరిగాడు.

నోటినిండా దూదితో ఆమె ఒక్క ముక్కా అనలేకపోయింది. ఆయన దాన్ని అంగీకారం కింద జమకట్టాడు.