మీరు మా కుటుంబ సభ్యులు, మేడమ్

ఒకే ఇంటర్నెట్ కంపెనీని ఏళ్ళ తరబడి అంటిపెట్టుకుని ఉండటం కన్నా పుణ్యకార్యం ఈ భూమ్మీద మరొకటి లేదు. నవ్వకండి. చాలా ఆలోచించి చెబుతున్న మాట ఇది.

నెట్ నత్తలా వస్తోందని, బిల్లు మాత్రం పరుగెత్తుకొస్తోందని గోల పెట్టేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఆ నెమ్మదిలో ఎంత మేలుందో వాళ్ళకేం తెలుసు? మా అత్తగారు రోజూ చూసే సీరియల్లో ఓసారి విలన్ పిల్ల పాలగ్లాసులో విషం కలుపుతూ అలాగే బిగుసుకుపోయింది. తెర మీద చక్రం తిరుగుతున్నంతసేపూ అత్తగారు ఆ పిల్లకు బుద్ధులు చెప్పారు. కన్నతల్లి కూడా అంత ఓపిగ్గా చెప్పదు. ఎప్పటికో బొమ్మ కదిలింది, పిల్ల చెయ్యి వణికింది, పాలు ఒలికిపోయాయి. తన మాట విన్నదని అత్తగారి నమ్మకం. మెరుపు వేగంతో వచ్చే నెట్ ఎవరినైనా ఇలా బాగుచేసిందా?

మా ఇంట్లో సిగ్నల్ అందేది స్నానాల గది కిటికీ పక్కన మాత్రమే. మా ఆయన బకెట్ బోర్లించుకుని, దాని మీద కూర్చుని, టై కట్టుకుని ఆఫీసు మీటింగులన్నీ అక్కడే కానిచ్చేవారు. వెనక తెల్ల టైల్స్ చూసి పెద్ద మేనేజరు, ఏ ఆస్పత్రిలో ఉన్నావయ్యా అని పరామర్శించి సగం పని తగ్గించారు. ఏ యూనియన్ సాధించగలదు అంతటి విజయం?

ఇక కస్టమర్ కేర్! "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది" అంటుంది ఆ గొంతు. ఈ ఇంట్లో నా కాల్ ముఖ్యమని ఎవరైనా అన్నారా? అన్నం చల్లారిపోతోందని వంటింట్లోంచి నేను పిలిస్తే, మీరు వరుసలో ఉన్నారని కూడా ఎవరూ చెప్పరు. స్పీకర్లో ఆ గొంతు విని అత్తగారు ముచ్చటపడ్డారు. "ఎంత మర్యాదగా మాట్లాడుతోందే, పెళ్ళయిందేమో కనుక్కో" అన్నారు. అది మెషీన్ అత్తయ్యా అన్నాను. అయితేనేం అన్నట్టు చూశారు.

ఇలా హాయిగా రోజులు గడుస్తుండగా మా గేటుకు ఎవరో ఒక కాగితం గుచ్చి వెళ్ళారు. మా కంపెనీదే. కొత్తగా చేరేవాళ్ళకు రెట్టింపు వేగం, సగం ధర, పైగా ఇంటిల్లిపాదికీ ఫోన్ కనెక్షన్లు ఉచితం. ఇంత మంచి కంపెనీలో మనమూ చేరదామని వెంటనే ఫోన్ చేశాను.

"అది కొత్తవాళ్ళకండీ" అంది అమ్మాయి, ఈసారి నిజం అమ్మాయే. "మీరు ఎన్నో ఏళ్ళుగా మాతో ఉన్నారు. మీరు మా కుటుంబ సభ్యులు, మేడమ్."

ఆ ఒక్క మాటతో నాకు అంతా అర్థమైపోయింది. కుటుంబ సభ్యురాలిగా నాకున్న అనుభవం తక్కువేం కాదు కదా! మా అద్దాల బీరువాలో బంగారు అంచు కప్పులున్నాయి. తుడిచేది నేను, తాగేది చుట్టాలు. నాకు పిడి విరిగిన కప్పు ఉంది. అది చాలా మంచి కప్పు, వేడి ఎంతుందో వేళ్ళకే తెలిసిపోతుంది.

అయినా ఏదో మొండితనం. పోతాను, వేరే కంపెనీలోకి మారిపోతాను అన్నాను. అంతే, కాల్ ఇంకో విభాగానికి వెళ్ళింది. పోయేవాళ్ళను ఆపడానికే ఒక విభాగం ఉందట! కుటుంబాల్లో లేని ఏర్పాటు.

ఒక మగగొంతు, వెన్న పూసినట్టు మెత్తగా, "మా వల్ల ఏం తప్పు జరిగింది, మేడమ్?" అంది.

నేను వంటింటి గడప మీద కూర్చుండిపోయాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. చెప్పడం మొదలుపెట్టాను. నెట్ సంగతి చెప్పాను. రూటరు మీద ఎర్రదీపం సంగతి చెప్పాను. ఆ ఊపులో మంచం మీద తడి తువ్వాలు సంగతి, సబ్బుపెట్టెలో నిలిచే నీళ్ళ సంగతి, నేను మాట్లాడుతుంటే మా ఆయన పేపరు మడత పెట్టని సంగతి కూడా చెప్పాను. ఫోన్లో ఆయన ఎక్కడా అడ్డు రాలేదు. అన్నీ రాసుకుని ఫిర్యాదు నంబరు ఇచ్చారు. సాయంత్రానికల్లా మెసేజ్ వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడింది అని. వెళ్ళి చూశాను. తువ్వాలు మంచం మీదే ఉంది. అయినా ఒక మాటన్నారు కదా!

కొత్త ధర మాత్రం ఇవ్వలేమన్నారు. దారి ఒకటే ఉందని, గొంతు తగ్గించి, సొంత తమ్ముడిలా చెప్పారు. మూడు నెలలు దూరంగా వెళ్ళి తిరిగి వస్తే మీరు కొత్తవారవుతారు, అప్పుడు చూడండి మేడమ్, నెత్తిన పెట్టుకుంటాం.

నాలాంటిది ఒక సూత్రం దొరికితే ఒక్కచోటే వాడి ఊరుకుంటుందా?

ఇంటిని రెండో కంపెనీకి మార్చేశాను. వైరు లాగడానికి మనిషి వచ్చాడు. మా ఆయన బీరువా తాళం తీసి అతనికి బంగారు అంచు కప్పులో టీ ఇచ్చారు, సాసరుతో సహా. నేను కళ్ళారా చూశాను. ఆ రాత్రే పెట్టె సర్దుకున్నాను.

"కొన్నాళ్ళు అక్క దగ్గరుండి వస్తాను" అన్నాను గుమ్మంలో నిలబడి. ఆపడానికి మా ఇంట్లో ఏదైనా విభాగం ఉందేమోనని కాస్త ఆగాను కూడా.

మా ఆయన కొత్త రూటరు దీపాల వైపే చూస్తూ, "మంచిది. వెళ్ళేముందు బిల్లు కట్టే పాస్‌వర్డ్ చెప్పి వెళ్ళు" అన్నారు.

చెప్పకుండా వెళ్ళాను. ఆ మాత్రం పౌరుషం నాకూ ఉంది.

అక్క ఇంట్లో స్వాగతం చూడాలి! బావగారు తన పడక కుర్చీ నాకిచ్చి తాను స్టూలు మీద కూర్చున్నారు. మెత్తటి దిండు, మంచం దగ్గరికే కాఫీ. ఏం వండమంటావే అని అక్క పూటపూటా అడిగింది. నా జీవితంలో అంత వేగం ఎన్నడూ చూడలేదు. పిలవకుండానే పలికేవాళ్ళు.

కొన్నాళ్ళకు దిండు మారింది. బావగారికి నడుము నొప్పి వచ్చి కుర్చీ వెనక్కి వెళ్ళింది. ఒక పొద్దున అక్క బెండకాయల పళ్ళెం, కత్తిపీట నా ముందు పెట్టి ఆప్యాయంగా అంది.

"నువ్వేమైనా పరాయిదానివా? ఇంటి మనిషివేగా."

ఆఫర్ ముగిసిందని నాకు తెలిసిపోయింది. కంపెనీలు నయం, ముందుగా మెసేజ్ పెడతాయి.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోన్ చేశారు. గొంతు గంగాళంలోంచి వస్తున్నట్టుంది. మళ్ళీ బకెట్ మీదికి చేరారన్నమాట. ఏమిటి సంగతి అని అడిగితే, కొత్త కంపెనీవాళ్ళు మనల్ని తమ కుటుంబ సభ్యులుగా ప్రకటించారని, అప్పట్నుంచీ ఏదీ తెరుచుకోవడం లేదని చెప్పారు. అత్తగారి సీరియల్లో ఈసారి పెళ్ళి మధ్యలో ఆగిందట. రెండు రోజులుగా పెళ్ళికొడుకు దండ పట్టుకుని నిలబడే ఉన్నాడట, పాపం. ఆ తర్వాత గొంతు సవరించుకున్నారు.

"అదికాదోయ్. నువ్వు లేకపోతే ఈ ఇల్లు..."

కట్ అయింది.

ఇప్పుడు చెప్పండి, సిగ్నల్ లేకపోవడం శాపమా, వరమా? సిగ్నల్ బాగుంటే ఆ వాక్యం చివరిదాకా వినాల్సి వచ్చేది. చివర పాస్‌వర్డ్ ఉండేదేమో, గ్యాస్ సిలిండర్ ఉండేదేమో! అదృష్టం బాగుండి సగంలో తెగింది. మిగతా సగం బెండకాయలు తరుగుతూ నేనే పూర్తి చేసుకున్నాను. రకరకాలుగా. ఒకదాన్ని మించి ఒకటి బాగా వచ్చింది. నవ్వుకుంటున్నానని అక్క రెండుసార్లు తొంగి చూసింది.

మూడు నెలలు నిండగానే పాత కంపెనీకి కొత్త కస్టమరుగా దరఖాస్తు పెట్టి, పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చాను. అత్తగారు నా చేతిలో పెట్టె అందుకోబోయారు. సోఫా మీది పేపర్లు తీసి మా ఆయన చోటు చేశారు. ఫోన్లో ఏం చెప్పబోయారని నేను అడగలేదు. అంత కష్టపడి పూర్తి చేసుకున్న వాక్యాన్ని చేజేతులా ఎవరు పాడుచేసుకుంటారు?

ఇంతలో ఆయన లోపలికి వెళ్ళి టీ పట్టుకొచ్చారు. బంగారు అంచు కప్పు! సాసరు కూడా ఉంది.

నేను గబుక్కున లేచి, చుట్టాలెవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలో ఎవరూ లేరు.

టీ చల్లారకముందే తాగేశాను. ఆఫర్లు ఎంతకాలం నిలుస్తాయో నాకు బాగా తెలుసు.

అందుకే పెట్టె ఇంకా విప్పలేదు. ముందు గది తలుపు పక్కనే, అందరికీ కనబడేలా నిలబెట్టి ఉంచాను. మా ఆయన రోజూ దాన్ని చూస్తారు. "ఎక్కడికైనా వెళ్తున్నావా ఏమిటి?" అని అడుగుతారు. "ఇంకా ఏమీ అనుకోలేదు" అంటాను.

బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపిస్తుంది.