అండర్‌గ్రౌండ్ లెవెల్

ఆ ఉదయం మహేష్ ప్లాను చాలా చిన్నది. మార్కాపురంలోని తన సెల్‌ఫోన్ దుకాణం ఆ రోజుకు మూసేయాలి, అమ్మ కృష్ణవేణమ్మను దర్శి బస్సెక్కించాలి, పార్సిల్ రాగానే పల్లెలోని ఇంట్లో తలుపేసుకుని ఒక్కడే పాట వినాలి. ఆ పాట కోసం అతను ఏళ్లుగా అల్లాడిపోతున్నాడు. హైదరాబాద్ హాస్టల్లో ఎవరి గదిలోనో ఒక్కసారి విన్నాడు. మాటల్లేని టెక్నో సంగీతం. దబ్ దబ్‌మని మోగుతూ పోయి, చివర్లో ఎక్కడో సన్నగా ఒక రాగం తీస్తుంది. ఆ రాగం గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు. దాన్ని తెచ్చిన జర్మనీ కంపెనీ గుట్టుగా కొన్ని గ్రామఫోన్ రికార్డులు వేసి మూతపడింది. అలాంటి కంపెనీని అండర్‌గ్రౌండ్ లేబుల్ అంటారు. ఇంటర్నెట్లో వెతికితే ఆ పాట దొరకదు, ఎవరో అమ్ముతున్న పాత రికార్డు ఒక్కటి ఎలాగో పట్టి పార్సిల్ తెప్పిస్తున్నాడు.

సిగ్నల్ కోసం మిద్దెక్కితే కొరియర్ అతను ఫోన్లో పార్సిల్లో ఏముందని అడిగాడు.

"అండర్‌గ్రౌండ్ లేబుల్ రికార్డన్నా! జాగర్తగా తే!" అని అరిచాడు మహేష్.

గోడవతల మేకలు తోలుకుపోతున్న బాలయ్య ఆగిపోయాడు. కొనకనమిట్ల పల్లెల్లో అండర్‌గ్రౌండ్ అన్నాక వచ్చే మాట 'లెవెల్' ఒక్కటే, అంటే భూమిలో నీళ్ల మట్టం. వేసిన ప్రతి బోరూ ఎండిపోయిన మనిషికి లేబుల్ కూడా లెవెల్‌గానే వినబడింది.

పార్సిల్ వచ్చేసరికి సగం ఊరు వాకిట్లో చేరింది. బాలయ్య ఏకంగా కొబ్బరికాయ పట్టుకొచ్చాడు.

"అల్లుడా, నీళ్ల లెవెల్ రికార్డు తెప్పించినావంట. మా చేన్లో యాడ పడతాదో చూడు."

"అది పాట మామా!"

"అందరికీ చెప్పద్దులే, నాకొక్కడికే చెప్పు."

మహేష్ అట్ట విప్పాడు. నల్లటి పళ్లెం మీది గీతలు చూసి బాలయ్య భార్య అలివేలమ్మ బుగ్గలు నొక్కుకుంది. "భూమి పొరలు గదా అవి! నడిమధ్య బొక్కేంది? అదే బోరు పాయింటు!"

వింటే వాళ్లే పోతారని మహేష్ అందరి ముందే రికార్డు ప్లేయర్ మీద పెట్టాడు. దబ్ దబ్ దబ్. జనం గప్‌చుప్. అచ్చం బోరు బండి చప్పుడే.

"ఎన్ని అడుగులు దిగింటాది?" పక్కింటి ఓబులేసు గుసగుసలాడాడు.

"రాయి తగిలినట్టుంది," అన్నాడు బాలయ్య కళ్లు మూసుకుని.

మహేష్ కూడా కళ్లు మూసుకున్నాడు. రాగం దగ్గరపడుతోంది. అంతలో పాటలో 'స్స్‌స్' అని సన్నటి చప్పుడు లేచింది.

"పడినాయి! నీళ్లు పడినాయి!"

బాలయ్య కొబ్బరికాయ గడపకేసి కొట్టాడు. ఒక చిప్ప ఎగిరొచ్చి ప్లేయర్ ముల్లు మీద పడింది. ముల్లు బర్రున రికార్డంతా గీసుకుంటూ పోయింది. మహేష్ మళ్లీ పెట్టాడు. సరిగ్గా రాగం మొదలయ్యే చోట లోతుగా గీత. ముల్లు అక్కడిదాకా వస్తుంది, జారి వెనక్కి పోతుంది.

మహేష్ గడప మీద కూలబడ్డాడు. "అది పాటే మామా. దాంట్లో ఒక రాగముంది. దానికోసమే ఇన్నాళ్లు..." కళ్లు తుడుచుకున్నాడు.

జనం ఒక్కొక్కరే జారుకున్నారు. బాలయ్య మాత్రం కదల్లేదు. రికార్డు వైపు చాలాసేపు చూసి, వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీక్కూడా పడలేదా అల్లుడా?"

మహేష్ తల అడ్డంగా ఊపాడు.

"దీనికి రెండో పక్క ఉన్నట్టుందే. తిప్పు. ఒక పక్క పడకుంటే బండి ఇంకో పక్కకు జరుపుతాం గదా. ఆశ చావదు మరి."

రెండో వైపు ఆ రాగం లేదని మహేష్‌కు తెలుసు. అయినా తిప్పాడు.

అటు వైపంతా ఉత్త దబ్ దబే; ఇద్దరూ చివరిదాకా విన్నారు.